పిప్పి కూడా దుమ్మే

చెరకు పిప్పి వాసనంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే నాకూ మంచిది, చదివేవాళ్ళకూ మంచిది. రెండేళ్ళపాటు నన్ను మంచానికీ ఆసుపత్రులకీ మధ్య తిప్పింది ఆ పిప్పే. అయినా చోడవరం రోడ్డు మీద పిప్పి ట్రాక్టరు పోతుంటే, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవాలని తెలిసి కూడా ఒక్క క్షణం ఆలస్యంగానే పెట్టుకుంటాను. మా అమ్మాయి లక్ష్మి కేకలేస్తుంది. వెయ్యాలి కూడా.

గండం గడిచింది. మా డాబా మెట్లు పన్నెండూ ఆగకుండా ఎక్కుతున్నాను. బిందె ఎత్తడం మాత్రం మానేశాను. ఇది రాయడానికి కారణం ఉంది. పగలంతా పని లేక కూర్చుంటే గుండె దడదడలాడుతుంది, రాస్తుంటే కాస్త కుదుటపడుతుంది. అదొక్కటే కాదు. మా వైపు ఇంకా ఎంతోమంది ఆడవాళ్ళు కొంగు మూతికి చుట్టుకుని పిప్పి ఎత్తుతున్నారు. వాళ్ళలో కొందర్ని ఆ పనికి తీసుకెళ్ళింది నేనే.

మాది బుచ్చయ్యపేట దగ్గర పల్లెటూరు. మా నాన్న బెల్లం వండేవాడు. చెరకు రైతులది, పాకం మాత్రం మా నాన్నది. చలికాలం మొదలైతే ఆయన ఇంటికి వచ్చేది తక్కువ, గానుగ పాకలోనే మకాం. పాకం ముదిరిందో లేదో పెనం పక్కన నిలబడి వాసనతోనే చెప్పేసేవాడు. ఆయనకు అన్నం తీసుకెళ్ళే వంకతో నేను బడి ఎగ్గొట్టేదాన్ని. వెళితే తాటాకు ముక్క మీద వేడి పాకం పోసి ఇచ్చేవాడు. చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకోని రోజు లేదు.

అక్కడ పిల్లలకు ఉండే పని ఒక్కటే, పిప్పి ఎండబెట్టడం. గానుగలోంచి వచ్చిన తడి పిప్పిని కళ్ళంలో పరిచేవాళ్ళం, మర్నాడు తిరగేసేవాళ్ళం. మూడో రోజుకి గలగలలాడుతూ ఎండి పొయ్యిలోకి పోయేది. ఆ కుప్ప మీద పడుకుంటే ఒళ్ళంతా గుచ్చుకునేది, కానీ వెచ్చగా ఉండేది. ఆ తీపి వాసనలో ఎన్ని మధ్యాహ్నాలు నిద్రపోయానో చెప్పలేను. మా నాన్న వచ్చి నా జుట్టులోంచి పిప్పి ఏరుతూ, "ఇది పిప్పిలో పుట్టిన గుంట, దీనికేటీ అవ్వదు" అనేవాడు. ఆ మాట నాకు బిరుదులా ఉండేది. పెద్దయ్యాక కూడా వదల్లేదు.

ఒక సంగతి మాత్రం అప్పట్లో పట్టించుకోలేదు. వానకు తడిసి నల్లబడిన పిప్పిని ఆయన పాక దగ్గరికి రానిచ్చేవాడు కాదు, ఎరువు గొయ్యిలో పారేయించేవాడు. మండదని పారేయిస్తున్నాడనుకున్నాం. ఆయన కూడా అంతే అనుకుని ఉంటాడు.

పెళ్ళయి చోడవరం వచ్చాను. మా ఆయన సత్యం నీళ్ళ మోటార్లకు వైండింగు చేస్తాడు, చిన్న షాపు. లక్ష్మి బడికి వెళ్ళడం మొదలుపెట్టాక నేను ఊరి బయట పిప్పి యార్డులో చేరాను. చుట్టుపక్కల నుంచి పిప్పి తెచ్చి, అదిమి తాళ్ళతో బేళ్ళుగా కట్టి, మేడ ఎత్తున పేర్చి, ఎక్కడో దూరాన ఉన్న అట్టల మిల్లుకు లారీల్లో పంపే చోటు అది. పదో తరగతి పాసయ్యాను కాబట్టి ఏడాది తిరక్కుండానే హాజరు పుస్తకం నా చేతికి వచ్చింది. పద్నాలుగు మంది ఆడవాళ్ళకు నేను మేస్త్రిని. నోరున్నదాన్ని, నలుగుర్నీ నవ్వించేదాన్ని. నా మాటంటే వాళ్ళకు గురి ఉండేది.

అప్పలనర్స మా వీధిలోనే ఉంటుంది. నన్ను వదినా అని పిలుస్తుంది, చుట్టరికమేమీ లేదు. మొగుడు పోయి, ఇద్దరు పిల్లలతో ఏం చెయ్యాలో తోచక కూర్చున్నప్పుడు నేనే చెయ్యి పట్టుకుని యార్డుకు తీసుకెళ్ళాను. మొదటి రోజే దగ్గీ దగ్గీ బయటికొచ్చి గోడవార కూలబడింది. నేను పక్కన కూర్చుని, "ఒసే నర్సా, మనం పిప్పిలో పుట్టినోళ్ళమే. పిప్పి మనల్నేటి సేస్తాది?" అన్నాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ లోపలికి వచ్చింది.

చలికాలంలో యార్డు నాకు పుట్టిల్లులా ఉండేది. కొత్త పిప్పి, మా నాన్న పాకలో వాసనే. రోడ్డు మీద గోవాడ పంచదార మిల్లు వైపు చెరకు బళ్ళు వరస కట్టి పోతుంటే మేం ఎండలో కూర్చుని చద్దన్నాలు తినేవాళ్ళం. వానాకాలం సంగతి వేరు. టార్పాలిన్ల కింద నెలల తరబడి మగ్గిన బేళ్ళను విప్పి, చెడింది వేరుచేసి, బాగున్నదాన్ని మళ్ళీ కట్టాలి. బేలు పైకి బాగానే కనపడుతుంది. తాడు కొయ్యగానే లోపల వెచ్చగా, బూడిద రంగుగా, బూజు పట్టి ఉంటుంది. విప్పితే పొగలా లేచేది, ఎదుటి మనిషి కనపడేది కాదు. వాసన కూడా తీపి కాదు, ముక్కిపోయిన వాసన. అయినా నేను దాన్ని పిప్పి అనే అనుకున్నాను. దుమ్ము అని ఒక్కనాడూ అనుకోలేదు.

దగ్గుకు మా దగ్గర ఒక మందు ఉండేది. పని దిగాక తలో బెల్లం ముక్క. దుమ్ము పనులు చేసేవాళ్ళలో చాలామందికి ఉన్న అలవాటే ఇది, గొంతులో పేరుకున్నదంతా బెల్లం లాక్కుపోతుందని నమ్మకం. బెల్లం వండేవాడి కూతుర్ని, ఆ నమ్మకం నాకు కాక ఇంకెవరికి ఉంటుంది? డబ్బా నా దగ్గరే ఉండేది. ముక్కలు కొట్టి అందరి చేతుల్లో పెట్టేదాన్ని, ఎక్కువ దగ్గేవాళ్ళకు పెద్ద ముక్క. నర్సకు ఎప్పుడూ పెద్ద ముక్కే. తిన్నాక గొంతు నిజంగానే హాయిగా ఉండేది. గొంతు దాటి లోపలికి పోయినదాన్ని బెల్లం ఏం చెయ్యగలదు?

ఒక వానాకాలం మేనేజరు ఒక అట్టపెట్టె నిండా మాస్కులు తెప్పించాడు. కరోనాప్పటి గుడ్డ మాస్కులు కావు, మందంగా, తల వెనక రెండు పట్టీలతో ఉన్నవి. పెట్టుకుంటే ఉక్క, ఊపిరి బరువు, కబుర్లు చెప్పుకోవడం కుదరదు. నేను ఒకటి తగిలించుకుని ఎద్దులా తలాడించి, "సేలో పడి మేసేస్తామని మనకి సిక్కాలు కడతన్నారే" అన్నాను. నూర్పిళ్ళప్పుడు గడ్డి తినకుండా ఎద్దుల మూతికి కట్టే తాళ్ళ బుట్టను చిక్కం అంటారు. పద్నాలుగు మందీ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుతో మాస్కులన్నీ పెట్టెలోకి, పెట్టె ఆఫీసు బీరువా మీదికి పోయాయి. పట్టుబట్టాల్సిన మేనేజరు కూడా నవ్వి ఊరుకున్నాడు. ఆ జోకు చాలాకాలం చెప్పుకున్నాం. ఇప్పుడు గుర్తొస్తే సిగ్గుతో తల ఎత్తలేను.

ఆ మరుసటి ఏడు జూలైలో నాకు మొదలైంది. పని దిగి ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చుంటే చలి పుట్టేది. దుప్పటి కప్పుకున్నా పళ్ళు టకటకలాడేవి. కాసేపటికి జ్వరం, పొడి దగ్గు, ఛాతీ మీద ఎవరో కాలు పెట్టి నొక్కుతున్నట్టు బరువు. పొద్దుటికి తగ్గేది, తగ్గింది కదా అని మళ్ళీ పనికి పోయేదాన్ని. వానలో తడిశానని మా వీధి డాక్టరు సూది వేశాడు. ఆదివారాలు మాత్రం ఏమీ ఉండేది కాదు. ఆదివారం గుడికి వెళతాను కదా, అందుకే అనుకున్నాను.

దసరా నాటికి జాకెట్లు వదులైపోయాయి. చోడవరంలో ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయన్నారు, టీబీ కావచ్చని మందులు మొదలుపెట్టారు. ఏం పని చేస్తావని చీటీ రాసే అమ్మాయి అడిగితే కూలి అన్నాను. కూలి అని రాసుకుంది. పిప్పి అని చెప్పాలని నాకూ తోచలేదు, ఏ కూలి అని తనూ అడగలేదు.

ఆ ఆరు నెలలు గుర్తు చేసుకోవడం కష్టం. మా ఆయన చెడ్డవాడు కాదు, కానీ భయస్థుడు. ఎవరూ చెప్పకుండానే నా కంచం, గ్లాసు విడిగా కిటికీలో పెట్టాడు. లక్ష్మిని నా గదిలో పడుకోవద్దన్నాడు. ఒకరోజు నేను దగ్గుతుంటే లేచి బయట అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. తలుపు సందులోంచి ఆయన వీపు చూస్తూ పడుకున్నాను. ఆ చిన్న ఇంట్లో అంత దూరం ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

మందులు వాడినన్నాళ్ళూ పనికి వెళ్ళలేదు. తేరుకున్నాను. మందులు పనిచేశాయని ఇల్లంతా సంబరపడ్డాం. పనిచేసింది మందులు కాదు, యార్డుకు పోకపోవడం. ఆ ముక్క చెప్పేవాళ్ళు లేక మళ్ళీ వానాకాలానికి హాజరు పుస్తకం చంకన పెట్టుకుని పోయాను. పాత బేళ్ళు విప్పిన నాలుగో రోజుకి మంచం ఎక్కాను.

ఈసారి వేరుగా ఉంది. జ్వరం కంటే ఆయాసం ఎక్కువ. జడ వేసుకోవడానికి చేతులెత్తితే ఊపిరి అందేది కాదు. మాట మధ్యలో ఆగి గాలి తీసుకోవాల్సి వచ్చేది. ఎప్పుడూ వాగే మనిషి మాటలు దాచుకుంటుంటే లక్ష్మికి భయం వేసింది. ఆ రోజు కాలేజీ మానేసి నన్ను సబ్బవరం మీదుగా బస్సులో విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. దిగే ముందు నీలిరంగు తిరిగిన నా పెదాలు చూసి మొహం అటు తిప్పుకుంది. చచ్చిపోతానని నాకు మొదటిసారి అప్పుడే అనిపించింది.

ఊపిరితిత్తుల విభాగం బయట బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి. చీటీ కోసం లక్ష్మి వరసలో నిలబడింది. నేను గోడ పట్టుకుని ఉంటే ఒక పెద్దాయన లేచి తన చోటు ఇచ్చాడు. దేవరాపల్లి దగ్గర నుంచి వచ్చాడట. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగమన్నాడు. దీపం ఊదినట్టు పెదాలు దగ్గర పెట్టి మెల్లగా గాలి వదలమన్నాడు. అలా చేస్తే నిజంగానే ఛాతీ కాస్త వదులైంది. చేతిలోని ఎక్స్‌రే కవరుతో నాకు విసురుతూ కూర్చున్నాడు, ఆయనకే ఆయాసంగా ఉంది.

"నీది ఏ దుమ్మమ్మా?" అన్నాడు.

అర్థం కాక చూశాను. తనది రాతి దుమ్మని చెప్పాడు. పాతికేళ్ళు రాళ్ళ క్రషర్లో చేశాడట. ఆ బెంచీ మీద తనకు తెలిసినవాళ్ళను చూపించాడు. ఆయనది సిమెంటు, అదిగో ఆ అమ్మది జీడిగింజల పొగ అని, ఊళ్ళ పేర్లు చెప్పినట్టు చెప్పాడు.

"నాకు దుమ్మేటి బాబూ. నాది పిప్పి పని" అన్నాను.

"ఎగిరితే పిప్పి దుమ్ము కాదేటి? లోపలికెల్లేక డాక్టరమ్మ అడగాపోయినా నువ్వే సెప్పు తల్లీ. నాను సెప్పడం ఆలీసం అయిపోనాది."

లోపల డాక్టరమ్మ వయసులో చిన్నది. ఆయాసపడుతూనే పిప్పి సంగతి చెప్పాను. ఆవిడ రాస్తున్న కలం ఆపి నావైపు చూసింది. ఎలాంటి పిప్పి, కొత్తదా పాతదా, జ్వరం ఏ పూట వస్తుంది, పనిలేని రోజున ఎలా ఉంటుంది అని ఒక్కొక్కటే అడిగింది. ఆదివారాల గురించి చెబుతుంటే నాకే వెలిగింది. తడిసి మగ్గిన పిప్పిలో బూజు పెరుగుతుందని, ఆ దుమ్ము పీల్చినప్పుడల్లా ఊపిరితిత్తులు వాస్తాయని, మళ్ళీ మళ్ళీ పీలిస్తే వాపు తగ్గినా లోపల మచ్చ మిగిలిపోతుందని చెప్పింది. బెల్లం గురించి అడిగాను. నవ్వలేదు. అన్నం పోయే దారి వేరు, గాలి పోయే దారి వేరు అంది. మందులు రాసిచ్చింది కానీ, మళ్ళీ ఆ యార్డులోకి వెళితే అవేవీ పనిచెయ్యవని గట్టిగా చెప్పింది.

ఎండిన పిప్పిని మూడో రోజుకే పొయ్యిలో పెట్టిన మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన పిప్పి వేరు, నేను విప్పిన పిప్పి వేరు. వాసన మీద ప్రేమ కొద్దీ రెండూ ఒకటే అనుకున్నాను. పరాయి వస్తువైతే ఎప్పుడో అనుమానించేదాన్ని.

పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇది అంటుకునే జబ్బు కాదని డాక్టరమ్మ మా ఆయనకు విడిగా చెప్పింది. ఇంటికొచ్చిన సాయంత్రం ఆయన కిటికీలోంచి నా గ్లాసు తీసి, అందులో మంచినీళ్ళు పోసుకుని, నా ఎదురుగానే గటగటా తాగి షాపుకు వెళ్ళిపోయాడు. క్షమించమని అడగడం ఆయనకు రాదు. నాకది చాలు. మందులకు నా మొహం గుమ్మడికాయలా ఉబ్బితే, "పెళ్ళినాడు కూడా ఇంత నిండుగా లేవే" అన్నాడు. చాన్నాళ్ళకు ఆ ఇంట్లో ముగ్గురం నవ్వాం.

ఇంట్లో నవ్వొచ్చింది కానీ నాకు నిద్ర పట్టేది కాదు. నర్స దగ్గు మా ఇంటి దాకా వినిపించేది. పొడి దగ్గు, నాది ఎలా ఉండేదో అలాగే. నేను లేనప్పటి నుంచి హాజరు పుస్తకం తన దగ్గరే ఉందట, బెల్లం డబ్బా కూడా.

కాస్త నడవగలిగాక అక్టోబరులో ఒకరోజు యార్డుకు వెళ్ళాను. గేటు దాటలేదు, దాటకూడదు కదా. అన్నాల వేళకు అందర్నీ బయటికి పిలిచాను. నేను చెప్పిందంతా తప్పని, పిప్పిలో పుట్టినా పిప్పి చంపుతుందని, బెల్లం దేనికీ పనికిరాదని, ఆ మాస్కులు చిక్కాలు కావని, ఆ జోకు వేసినందుకు నన్ను చెప్పుతో కొట్టినా తప్పులేదని చెప్పాను. మాట్లాడుతూ నాలుగుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాను. నా మాటల కంటే ఆ ఆగడమే వాళ్ళకు ఎక్కువ అర్థమైనట్టుంది. ఎవరూ నవ్వలేదు. మేనేజరు కూడా వచ్చి విన్నాడు. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం ఆయన చేతిలో పెట్టాను. బేళ్ళు విప్పే ముందు నీళ్ళు కొట్టాలని, మాస్కు మొహానికి అతుక్కునేలా పెట్టించాలని, అసలు పిప్పి తడవకుండా చూడాలని అందులో ఉంది.

నర్స మాత్రం నావైపు చూడలేదు. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చింది.

"ఆ రోజు నాను పారిపోతంటే ఆపింది నువ్వే. ఇప్పుడు మానెయ్మంటే పిల్లల్ని ఎలా సాకాలి? నీకు మొగుడున్నాడు వదినా."

ఒక్కసారి ఆసుపత్రికి రమ్మని మాత్రం అడిగాను. అది లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు వారాలు మా గుమ్మం తొక్కలేదు. బోరు దగ్గర ఎదురుపడితే బిందె అక్కడే వదిలేసి వెళ్ళిపోయేది. యార్డులో పైపు పెట్టి బేళ్ళు తడుపుతున్నారని, తొమ్మిది మంది మాస్కులు పెట్టుకుంటున్నారని వేరేవాళ్ళు చెప్పారు. నర్స పెట్టుకుంటోందా అని అడిగితే పెట్టుకుంటోంది కానీ ఆఫీసు మెట్లు కూడా ఎక్కలేకపోతోందన్నారు. నేను బతికి బయటపడ్డానన్న సంతోషం కూడా నాకు మిగల్లేదు. నర్స పోతే నేనే చంపినట్టు.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున్న కొత్త చీర కట్టుకుని మా వాకిట్లో నిలబడింది. విశాఖపట్నం బస్సు ఎన్నింటికని అడిగింది.

దారిలో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆసుపత్రిలో నేనే చీటీ రాయించాను. పని దగ్గర పిప్పి అని, పాత బేళ్ళు అని స్పష్టంగా రాయించాను. గొట్టంలోకి ఊదించారు, స్కానింగు తీశారు. సాయంత్రానికి డాక్టరమ్మ నన్ను కూడా లోపలికి పిలిచింది. నర్సకు నాకంటే ఎక్కువ పాడైంది. నేను మధ్యలో ఆరు నెలలు ఆగాను, అది ఒక్క వానాకాలమూ ఆగలేదు. పోయినంత పోయింది, తిరిగి రాదు. ఈ రోజుతో మానేస్తే ఉన్నది నిలుస్తుంది, పిల్లలు పెద్దయ్యేదాకా బాగానే బతుకుతుంది. ఇంకో వానాకాలం చేస్తే మాత్రం చెప్పలేనంది డాక్టరమ్మ.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. నేను ఏడ్చాను. నీ చెయ్యి పట్టుకుని అందులోకి లాగింది నేనే, నన్ను క్షమించు నర్సా అన్నాను. పిల్లలు చేతికొచ్చేదాకా మా ఆయన షాపులో రాగి తీగ చుట్టే పని ఇద్దరం చేద్దామని, అందులో దుమ్ము లేదని, ఏదేదో వాగాను. అది లేచి చీర దులుపుకుంది.

"నువ్వు సెప్పేవనే అందులోకి దిగేను వదినా" అంది. "మరి ఈ రోజు ఎవరు సెప్పేరని వచ్చేననుకుంటన్నావు? లే, బస్సు ఎల్లిపోద్ది."

చెయ్యి అందించింది. దాన్ని పట్టుకుని లేచాను. ఇద్దరం మధ్యలో మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటూ బస్టాండు దాకా నడిచాం. బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి దాని కోసం పక్కపక్కనే కూర్చున్నాం.